మూడు మూలల కడ్డీలు

నేరం ఒప్పుకుంటున్న మనిషిని ఒప్పుకోవద్దని బతిమాలాల్సి రావడం నా వృత్తిలో ఇదే మొదటిసారి. దేవుడు చల్లగా చూస్తే ఇదే ఆఖరు కూడా కావాలి.

"నేనే సార్," అన్నాడు జాకబ్. "బొమ్మ నేనే పోసినా. సీసమని తెలిసే పాపకిచ్చినా. రాసుకోండి."

"వింటివా ఈశ్వరమ్మా?" అంటూ ఇన్‌స్పెక్టర్ హనుమంతరాయుడు నా వైపు తిరిగాడు. ఆయన మొహం పెళ్లికొడుకు తండ్రి మొహంలా వెలిగిపోతోంది. "ఇంగ నీకు ఈడ ఏం పనుండాది? అనంతపురం బస్సుకు పో."

"నాకు పని అప్పజెప్పింది మీరు కాదు సార్, మీరు పొమ్మంటే పోయేదానికి."

మేం ముగ్గురం నిలబడింది గుంతకల్లు రైల్వే కాలనీ వెనక, జాకబ్ పెరట్లోని రేకుల షెడ్డులో. జాకబ్ లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. చిన్న చిన్న లోహపు బొమ్మలు సేకరించడం, తనే లోహం కరిగించి పోత పోయడం ఆయన పిచ్చి. బొటనవేలంత సిపాయిలు, అగ్గిపెట్టెలో పట్టే ఆవిరి ఇంజన్లు, ఫిరంగులు, ఏనుగులు. ఆయన మనవరాలు, ఐదేళ్ల సువార్త, అనంతపురంలో ఒక ఆస్పత్రిలో ఉంది. రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని డాక్టర్లు తేల్చారు. పాప మంచం మీద పంటిగాట్లు పడిన సిపాయి బొమ్మ ఒకటి దొరికింది. హనుమంతరాయుడికి ఇంకేం కావాలి?

నాకు కావాలి. నిన్న అనంతపురంలో నా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది పాప తల్లి ఎస్తేరు, జాకబ్‌కు ఒక్కగానొక్క కూతురు. "అక్కా, అందరూ మా నాయనే అంటాండారు. ఆయప్పే అయితే నేను మళ్లా ఆయప్ప మొగం చూడను. కాకపోతే కాదని ఎవురో ఒకరు నాకు చెప్పల్ల," అని కళ్లు తుడుచుకుంది. తండ్రిని ఉంచుకోవాలో వదులుకోవాలో తెలియక ఆ పిల్ల నలిగిపోతోంది. ఈ తండ్రి చూడబోతే జైలుకు తొందర పడుతున్నాడు.

"జాకబన్నా, ఈ సిపాయిని ఎప్పుడు పోసినావు?"

"పోయిన క్రిస్మస్‌కు."

"ఏ లోహంతో?"

"సీసంతో. చెప్తాండా కదమ్మా."

"దసరాకు ముందే నీ పాత సీసం బొమ్మలన్నీ కరిగించేసి, ఇంగ తగరంతోనే పోస్తానని మీ బొమ్మలు సేకరించేవాళ్ల గ్రూపులో అందరికీ చెప్పినావంట. ఆ గ్రూపులో ఉండే బెంగుళూరు ఆయన పొద్దున ఫోనులో చెప్పినాడు. మరి క్రిస్మస్‌కు సీసం బొమ్మ ఎట్ల వచ్చింది?"

జాకబ్ నోరు మూశాడు. ఆయన బదులు హనుమంతరాయుడు తెరిచాడు.

"మిగిలిండే ముక్క ఒకటి ఉండొచ్చు కదమ్మా. అన్నిటికీ అడ్డం తగులుతావు నువ్వు."

ఈ కరిగించడం సంగతి చెప్పాలి. నాకు ఒళ్లు మండింది అక్కడే. పధ్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మ అమ్మాలంటే ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలని, అందులో సీసం ఇంతకు మించకూడదని చట్టం వచ్చింది. మంచి చట్టమే. పిల్లలు బొమ్మను చూసి ఊరుకోరు, నోట్లో పెట్టుకుంటారు. కానీ జాకబ్ లాంటివాళ్లు పిల్లల కోసం చేయరు. తలలు నెరిసినవాళ్లు ఒకరికొకరు పంపుకుని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటారు. ప్రతి డబ్బా మీదా 'ఇది ఆటవస్తువు కాదు, పెద్దల అలంకరణకు మాత్రమే' అని జాకబ్ చేత్తో రాసేవాడు. అయినా కొరియర్ వాడు 'బొమ్మలా? ముద్ర ఏదీ?' అని పార్శిల్ వెనక్కిచ్చాడు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలు తీసేశారు. గుత్తిలో జరిగిన ప్రదర్శనలో ఎవరో పెద్దమనిషి, పిల్లోడు చూస్తే ఆడుకోకుండా ఉంటాడా అని నలుగురిలో నిలదీశాడు.

ఆ రోజు ఇంటికొచ్చి, వయసులో ఉన్నప్పటి నుంచి కూడబెట్టినదంతా మూసలో పడేశాడీయన. ఇంట్లో ఉంచుకుంటే తప్పని ఏ చట్టంలోనూ లేదు. ఆ ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే ఉన్నవి కూడా ఎత్తుకుపోతారని భయం. ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఒక ముద్రకు భయపడ్డాడంటే, కోప్పడాల్సింది ఎవరి మీదో నాకు తెలియలేదు. అందుకని అందరి మీదా కోప్పడ్డాను.

పంటిగాట్ల సిపాయి హనుమంతరాయుడి ప్లాస్టిక్ కవరులో ఉంది. అదే అచ్చులో పోసినవి బీరువాలో ఇంకా ఉన్నాయి. ఒకదాన్ని తీసి, రంగు వేయని అడుగుభాగాన్ని తెల్ల కాగితం మీద గట్టిగా రుద్దాను. సీసం అయితే పెన్సిల్ గీసినట్టు బూడిదరంగు గీత పడుతుంది. కాగితం తెల్లగానే ఉంది. మరోసారి రుద్దాను. అంతే.

"ఇది పరిశోధనా, ఒకటో తరగతి డ్రాయింగా?" అన్నాడు హనుమంతరాయుడు.

"ఇది తేల్చదు సార్, దారి చూపిస్తాది. తేల్చేది ల్యాబు. రిపోర్టు వచ్చేదాకా ఆగండి."

"ఒప్పుకున్నోడు ఎదురుగా ఉండగా ల్యాబెందుకమ్మా? ఇది బొమ్మ. బొమ్మకు ముద్ర లేదు. పాప నోట్లో పెట్టుకునింది. ఇంతకంటే ఏం కావల్ల?"

"బొమ్మలో సీసం ఉండల్ల సార్. అదొక్కటే తక్కువ."

ఆయనకు కోపం వచ్చింది. పోయిన ఏడాది ఒక బీమా కేసులో ఆయన పట్టుకున్న దొంగ దొంగ కాదని నేను కోర్టులో చెప్పినప్పటి నుంచీ ఆ కోపం ఇంకా తీరలేదు. "ఈ పొద్దు చర్చిలో పాప కోసం ప్రార్థన కూటం ఉండాది. ఎస్తేరు ఆడే ఉంటాది. ఆయమ్మ ముందర ఈయప్ప చేత ఒక మాట చెప్పించి, ఆయమ్మ చేత సంతకం పెట్టించుకోని, నేరుగా స్టేషన్‌కు. చూస్తాండు," అని జీపు కోసం ఫోను చేస్తూ బయటికి నడిచాడు.

బొమ్మలో సీసం లేకపోతే అది పాప తిండిలోంచే వచ్చి ఉండాలి. నేను పక్క వీధికి పరుగెత్తాను.

ఎస్తేరు ఇంటికి తాళం వేస్తోంది. భర్తను పాప దగ్గర ఉంచి, తెల్లవారుజామున ఆస్పత్రి నుంచి వచ్చిందట. చర్చి దగ్గర వంటకు సాయం పోవాలని గుమ్మంలో ఆటో నిలబడి ఉంది. నన్ను చూడగానే మొహం తెల్లబోయింది.

"నాయనేనా అక్కా?"

"ఇంకా తెల్దు. వంటిల్లు ఒక్క నిమిషం చూస్తా."

తాళం తీసింది. తీస్తూ నడుం వంచి, పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుంది.

"ఏమైంది?"

"ఏంలేదక్కా. కడుపులో మెలిపెడతాండాది. ఎండాకాలం నుంచీ ఇంతే. తల కూడా దిమ్ముగా ఉంటాది. పాప గురించి దిగులుకేమో."

పాప ఆస్పత్రిలో చేరి వారం కాలేదు. ఎండాకాలంలో దిగులెక్కడిది? బొమ్మను పాప కొరికితే తల్లికి కడుపునొప్పి ఎందుకొస్తుంది? ఇంత పెద్ద మాట కళ్లెదుట పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ నుంచి డాక్టర్ దాకా ఎవ్వరూ ఆ తల్లిని ఒక్క ప్రశ్న అడగలేదు. అందరూ బొమ్మనే చూశారు.

వంటింటి అలమరలో ఇత్తడి సామాన్లు వరసగా బోర్లించి ఉన్నాయి. మధ్యలో ఒకటి లేదు. పరిచిన పేపరు మీద దాని గుండ్రటి మరక మాత్రం ఉంది.

"ఈడుండే గిన్నె ఏదీ?"

"పులుసు తపేలా. పాపను ఆస్పత్రిలో చేర్చిన రోజే మా నాయన తీసుకోని పోయినాడు. కళాయి పోయిందంట, మళ్లా ఏపిస్తాడంట. పోలేదు నాయనా, ఎండాకాలంలోనే కదా ఏపిచ్చినా అంటే ఇనల్యా. పాప అట్లుంటే ఆయప్పకు తపేలా దిగులు."

"పులుసు అందులోనే చేస్తావా?"

"చేసి, అందులోనే ఉంచేస్తా. చింతపండు పులుసు తెల్లారితేనే రుచి కదక్కా. పాపకు పొద్దున అన్నంలోకి అదే కావల్ల." ఆటోవాడు హారన్ మోగించాడు. "పోతా అక్కా, బంతి కూచునే యాళయితాండాది. చర్చి కాడికి రా."

ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుము కక్కుతుంది కాబట్టి లోపల తగరం పూత వేస్తారు. అదే కళాయి. ఆ పూతలో తగరం బదులు సీసం ఉంటే, చింతపండు రాత్రంతా దాన్ని కరిగించుకుంటుంది. ఈ సంగతి లోహంతో పనిచేసే జాకబ్‌కు తెలియకుండా ఉంటుందా? అందుకే తపేలా మాయం చేశాడు.

నేను తిరిగి వచ్చేసరికి షెడ్డులో జాకబ్ ఒక్కడే ఉన్నాడు. గేటు దగ్గర కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. హనుమంతరాయుడు ఇంకా ఫోనులో అరుస్తున్నాడు.

"తపేలా యాడుండాదన్నా?"

"ఏ తపేలా?"

"నాకు సహనం తక్కువ జాకబన్నా. పొద్దున నుంచి ఉన్నది కూడా నువ్వే వాడేసినావు."

నేనే వెతికాను. తలుపు వెనక చెక్క మీద పాలపొడి డబ్బా ఒకటి ఉంది. దాని నిండా లోహపు కడ్డీలు. రెండు రెక్కలు మూలగా కలిసే యాంగిల్ ఇనుప ముక్కలో పోసినవి కాబట్టి అన్నీ మూడు మూలల కడ్డీలే, అన్నీ ఒకే పొడవు. ఒకటి తీసి కాగితం మీద రుద్దాను. తెలుపు. ఇంకొకటి రుద్దాను. నల్లటి గీత. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, గీత పడినదాని కొసన చిన్న గాటు ఉంది. ఆకురాయితో పెట్టిన గాటు, గోరంత.

కొలిమి పక్కన గోతాం కింద తపేలా దొరికింది. లోపల కాగితంతో తుడిచాను. కాగితం నల్లబడింది.

జాకబ్ స్టూలు మీద కూలబడ్డాడు.

"సీసానికి గాటు పెట్టినా కదమ్మా. తగరానికి పెట్టలేదు. కలవకూడదనే పెట్టినా."

"ఆ గాటు సంగతి ఎవరికి తెలుసు?"

"నాకు."

నాకు వచ్చిన కోపానికి ఆ డబ్బా ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. "రెండూ ఒకే అచ్చులో పోసి, ఒకే డబ్బాలో పెట్టి, గోరంత గాటు పెట్టి, నీ పాటికి నువ్వు నిద్రపోయినావా?"

"సీసం పాత సామాన్లోడికి వేస్తే బ్యాటరీల బట్టీకి పోతాది. ఆ పొగ మళ్లా ఊరిమీదికే. గుంత తీసి పూడ్చి పెడదామనుకున్నా. ఈ పొద్దు, రేపు అనుకుంటానే..." ఆయన గాటున్న కడ్డీని నా చేతిలోంచి తీసుకున్నాడు. "చిన్నప్ప కళాయి వేయడానికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఆయప్ప లోహం వాడం. కల్తీ ఉంటాదని. మా ఎస్తేరమ్మ ఈ డబ్బాలోంచి కడ్డీ తీసుకోని పోయి ఇస్తాది. వాళ్లమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే. నన్ను అడగదు. అడిగేదేముంది, వాళ్ల నాయన షెడ్డే కదా. పాపకు సీసం అనంగానే నేను పోయి తపేలా గోకి చూసినా."

"చూసి, తెలిసి, జైలుకు పోతానంటాండావా?"

"ఆయమ్మకు చెప్పద్దమ్మా. దినాము పాపకు ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఆయమ్మే. తన చేత్తోనే పెట్టినానని తెలిస్తే అది బతకదు. నన్ను తిట్టుకోనీ. నాయనను తిట్టుకోని బతకొచ్చు. జైల్లో కూడా అన్నం పెడతారు."

ఇలాంటి మనుషులతో ఏం వేగాలి? తప్పు గాటు పెట్టిన చేతిది, త్యాగం పేరుతో మళ్లీ అబద్ధం. కోప్పడదామని నోరు తెరిచాను కానీ ఆ మొహం చూసి కోపం రాలేదు. అదింకా చిరాకు పుట్టించింది.

"ఎన్ని కడ్డీలు తీసుకుంది?"

"ఒకటే. ఎప్పుడూ ఒకటే తీస్తాది."

"మొత్తం ఎన్నున్నాయో లెక్క ఉందా?"

ఆయన బీరువాలోని ఖాళీ అరల వైపు చూశాడు. "లెక్క పెట్టేదానికి మనసు రాల్యా. ఒక్కోటి మూసలో వేస్తాంటే, ఇది ఎవరిచ్చింది, అది యాడ కొన్నానని... లెక్క యాడ పెడతాను?"

హనుమంతరాయుడు లోపలికొచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. జీపు ఎక్కుతూ జాకబ్ నా వైపు చూసిన చూపుకు నేను తల ఊపాను. ఎస్తేరుకు సగం నిజం చెబుదామని నిర్ణయించుకున్నాను. బొమ్మ కాదు, గిన్నె. ఎవరో కళాయివాడి కల్తీ లోహం. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ మిగులుతారు. తర్వాతి సంగతి తర్వాత.

చర్చి ఆవరణలో షామియానా కింద ప్రార్థన అయిపోయింది. పిల్లల బంతి ముందు కూర్చుంది. విస్తళ్లలో అన్నం వడ్డిస్తున్నారు. పక్కన రాళ్ల పొయ్యి మీద పెద్ద ఇత్తడి గుండిగ, పాస్టరమ్మ దాంట్లో గరిటె తిప్పుతోంది. జాకబ్‌ను జీపులోనే కూర్చోబెట్టి హనుమంతరాయుడు నాకంటే ముందే ఎస్తేరు దగ్గరికి చేరుకున్నాడు.

"మీ నాయన ఒప్పుకున్నాడమ్మా. ఈడొక సంతకం పెట్టు."

"పెట్టద్దు ఎస్తేరూ," అన్నాను. "బొమ్మలో సీసం లేదు. నీ పులుసు తపేలా కళాయిలో ఉండాది. కళాయి వేసినోడు కల్తీ లోహం వాడినాడు. మీ నాయన తప్పు కాదు."

"ఏమమ్మా, నిమిషానికో కథ చెప్తాండావే!" హనుమంతరాయుడు కాగితం నా మొహం ముందు ఆడించాడు. "అప్పుడు బొమ్మ, ఇప్పుడు గిన్నె, రేపు బావి నీళ్లంటావా?"

ఎస్తేరు ఆయన్ని పట్టించుకోలేదు. "చిన్నప్ప కల్తీ చేసినాడంటావా అక్కా? లేదు, లేదు. పాపం, ఆయప్ప మీద వేయద్దు. లోహం నేనే ఇచ్చినా, మా నాయన డబ్బాలోది. స్వచ్ఛమైన తగరమది. మూడు కడ్డీలు తెచ్చినా. ఒకటి మా తపేలాకు. మిగిలిన రెండూ ఇంట్లో పెట్టి, మొన్న ఈ కూటం కోసం చర్చి గుండిగలకిచ్చినా. ఇదో, కొత్త కళాయి, చూడు ఎట్ల..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆమె తెలివితక్కువది కాదు.

జీపులో ఉన్న జాకబ్‌కు ఆ మాటలు వినిపించాయి. కానిస్టేబుల్‌ను తోసుకుని ఎట్లా దిగాడో తెలియదు. ఆ వయసులో అంత వేగంగా పరుగెత్తిన మనిషిని నేను చూడలేదు. కాలుతున్న గుండిగను రెండు చేతులా పట్టి ఒక్క తోపు తోశాడు. చింతపండు పులుసు మట్టిలో పరుచుకుంది. పాస్టరమ్మ కేకపెట్టి వెనక్కి దూకింది.

"విషం!" అని అరిచాడు జాకబ్. కాలిన చేతులు బేడీలకన్నట్టు ముందుకు చాపాడు. "నేనే కలిపినా. అన్నిటికీ నేనే. నన్ను తీసుకోని పోండి సార్!"

హనుమంతరాయుడు ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఎస్తేరు వెళ్లి ఆ చేతిని విడిపించింది.

"కలిపింది నువ్వు కాదు నాయనా," అంది. అంతే. ఏడవలేదు. పక్కకు తిరిగి, బంతిలో పిల్లల ముందున్న విస్తళ్లు ఒక్కొక్కటే లాగేయడం మొదలుపెట్టింది. ఇంకా పులుసు పడలేదు, అన్నమే ఉంది. నేను రెండో వైపు నుంచి లాగుతూ వచ్చాను. ఒక్కరూ తినలేదు. నా గుండె అప్పటికి కుదుటపడింది.

"ఎవుర్ని పట్టుకోవల్ల ఇప్పుడు?" అన్నాడు హనుమంతరాయుడు నీరసంగా.

"ముందు ఈయప్ప చేతులకు నీళ్లు పోయించండి సార్."

అప్పుడు పాస్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. చీర కుచ్చెళ్లు పులుసులో తడిసి ఉన్నాయి. అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైనాది ఎస్తేరమ్మా? పులుసులో ఏముండాది? ఇది రెండో గుండిగ. తెల్లారే ఇంకో గుండిగ దించి మూతేసి పెట్టినాం. పాప పేరు మీద చేసిన భోజనం కదా, ముందు పాపకే పోవల్లని క్యారియర్ కట్టి, అనంతపురం రైలుకు పోతాండే సుంకప్ప చేతికిచ్చినా. నువ్వు వద్దంటావని నీకు చెప్పలేదు."

అనంతపురం డాక్టరు నాకు నిన్ననే చెప్పాడు. ఒంట్లో సీసాన్ని బయటికి లాగే మందు నడుస్తుండగా మళ్లీ సీసం లోపలికి పోతే, మొదటిదానికంటే చేటు. నేను నోరు తెరిచే లోపలే ఎస్తేరు భర్తకు ఫోను కలిపింది. తొందరలో స్పీకర్ నొక్కుకుంది. అవతల గొంతు మా అందరికీ వినిపించింది. చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్న గొంతు అది.

"ఎస్తేరూ! నేనే చేద్దామనుకుంటాండా. పాప ఈ పొద్దు ఒకటే ఆకలి అంటాంది. ముద్ద మీద ముద్ద తింటాంది. పులుసు అచ్చం నువ్వు చేసినట్టే ఉండాదంటాంది."

"ఉమ్మించు!" ఎస్తేరు అరిచింది. "నోట్లోది ఉమ్మించు, డాక్టరును పిలువు. దాంట్లో సీసం ఉండాది. నేనే పెట్టినా. ఇన్ని దినాలూ నేనే పెట్టినా."

మట్టిలో మోకాళ్ల మీద పడిపోయిన జాకబ్, కాలిన చేతులతోనే చెవులు మూసుకున్నాడు.